లైమ్ టీకా వేయించాలా? ముందు కుక్కకు పట్టిన పిడుదు ఏదో చూడాలి

హనుమకొండలో ల్యాబ్రడార్‌ను పెంచుకునే ఇంటికి ఈ ప్రశ్న ఎక్కువగా అమెరికా నుంచి వస్తుంది. న్యూజెర్సీలో ఉంటున్న కూతురు అక్కడ తమ కుక్కను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంది. రేబీస్, డిస్టెంపర్ టీకాలతో పాటు పిడుదుల వల్ల వచ్చే 'లైమ్' అనే రోగానికి ఇంకో టీకా వేసి పంపిస్తారు. సాయంత్రం వీడియో కాల్‌లో "అమ్మా, మన బ్రూనోకి లైమ్ వ్యాక్సిన్ వేయించారా?" అని అడుగుతుంది. మర్నాడు తల్లి పశువుల దవాఖానలో అదే అడిగితే, "అది మన దగ్గర వేసే టీకా కాదమ్మా" అంటారు. ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అక్కడి కుక్కకు దొరికే రక్షణ ఇక్కడి కుక్కకు దొరకడం లేదా?

ఇంకో దారిలోనూ ఈ పేరు మన ఇళ్లకు చేరుతోంది. కుక్క తిండి మానేసి జ్వరంతో మూలన పడుకుంటే, క్లినిక్‌లో కొన్ని చుక్కల రక్తం తీసి చిన్న ప్లాస్టిక్ కిట్‌లో వేస్తారు. గుండెలో చేరే పురుగు హార్ట్‌వార్మ్, పిడుదులు తెచ్చే ఎర్లిషియా, అనాప్లాస్మా, లైమ్ నాలుగింటినీ ఆ కిట్ ఒకేసారి చూస్తుంది. అమెరికా అవసరాలకు తగ్గట్టు తయారైన కిట్ కాబట్టి లైమ్ గడి అందులో ఉంది. రిపోర్టులో ఆ పేరు చూసినవాళ్లు ఫోన్‌లో వెతుకుతారు. వచ్చే సమాచారమంతా అమెరికాదే. భయపెట్టే ఫొటోలు, కిడ్నీలు పాడైన కుక్కల కథలు, వెంటనే టీకా వేయించమనే సలహాలు వరసగా కనిపిస్తాయి.

ఆ సలహాలు తప్పని కాదు, ఆ ఊళ్లకు అవి సరైనవే. రోగాన్ని మోసే పిడుదు ఎక్కడ బతుకుతుందో టీకా అవసరం కూడా అక్కడే ఉంటుంది. అందుకే టీకా మాటకు ముందు పిడుదు సంగతి తేల్చుకోవాలి.

లైమ్ అనేది ఒక ఊరి పేరు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఉంది. 1975 ప్రాంతంలో అక్కడి పిల్లలకు ఉన్నట్టుండి కీళ్ల వాపులు రావడం, ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురు అలా బాధపడటం చూసి ఇద్దరు తల్లులు పట్టుబట్టి అడగడంతో పరిశోధన మొదలైంది. కొన్నేళ్లకు విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదు కడుపులో స్క్రూలా మెలికలు తిరిగిన బ్యాక్టీరియాను గుర్తించాడు. దానికి ఆయన పేరు మీదే బొరేలియా బర్గ్‌డార్ఫెరి అని పేరు పెట్టారు. ఇది గాలిలో రాదు, నీళ్లలో రాదు. కుక్క నుంచి మనిషికి నేరుగా అంటుకోదు. ఐక్సోడిస్ అనే జాతి పిడుదు పట్టి రక్తం తాగితేనే వస్తుంది.

తూర్పు అమెరికాలో ఆ పని చేసేది నల్లకాళ్ల పిడుదు, ఐక్సోడిస్ స్కాప్యులారిస్. యూరప్‌లో దాని దాయాది ఐక్సోడిస్ రిసినస్. ఈ రిసినస్ అనే మాట దగ్గర కాసేపు ఆగొచ్చు. లాటిన్‌లో దానికి అర్థం పిడుదు. ఆముదం చెట్టు శాస్త్రీయ నామం కూడా రిసినస్ కమ్యూనిసే. నెత్తురు తాగి ఉబ్బిన పిడుదును అరచేతిలో పెట్టుకుని చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది. నున్నగా, బూడిద రంగులో మెరుస్తూ, ఒక చివర చిన్న ముక్కుతో అచ్చం ఆముదం గింజలాగే ఉంటుంది. అయితే లైమ్ విషయంలో మనుషులను ఎక్కువ మోసం చేసేది ఈ ఉబ్బిన పిడుదు కాదు, గసగసాల గింజంత ఉండే పిల్ల పిడుదు. ఒంటి మీద ఉన్నా కంటికి ఆనదు.

ఈ ఐక్సోడిస్‌కు తడి కావాలి. చెట్ల కింద ఆకులు రాలి, కుళ్లి, ఏడాదిలో ఎక్కువ కాలం చెమ్మగా ఉండే నేల కావాలి. దాని జీవితచక్రం పూర్తవడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. అందులో ఎక్కువ కాలం ఏ జంతువు మీదా ఉండదు, ఆ తడి ఆకుల కిందే గడుపుతుంది. మన దగ్గరా అడవులున్నాయి కదా, పాకాల ఉంది, ఏటూరునాగారం ఉంది, జింకలున్నాయి కదా అని సందేహం రావచ్చు. అమెరికాలో దాన్ని 'జింక పిడుదు' అనడం వల్ల వచ్చిన అపోహ ఇది. జింక పెద్ద పిడుదులకు తిండి పెడుతుంది గానీ బ్యాక్టీరియాను నిలబెట్టి తర్వాతి తరానికి అందించలేదు. ఆ పని అక్కడి తెల్లపాదాల ఎలుకది. అంటే అలాంటి పిడుదు, అలాంటి ఎలుక, అలాంటి తడి మూడూ ఒకచోట కలవాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటి, టేకు ఆకులు రాలి కాలి కింద అప్పడాల్లా విరిగే మన అడవిలో ఆ కలయిక లేదు. మన దేశంలో హిమాచల్ లాంటి హిమాలయ ప్రాంతాల నుంచి, కేరళలోని వయనాడ్ నుంచి మనుషుల్లో లైమ్ కేసులు అడపాదడపా వైద్య పత్రికల్లో వచ్చాయి. అవి చల్లటి కొండలు, తడి అడవులు. వరంగల్ మైదానం అలాంటిది కాదు.

మరి మన కుక్క చెవిలో వేలు పెడితే తగిలేది ఏమిటి? ఊళ్లలో గోమారి అంటారు, పుస్తకాల్లో పిడుదు అని రాస్తారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు రైపిసెఫాలస్ సాంగ్వినియస్. గోధుమ రంగు కుక్క పిడుదు. దీని తీరు ఐక్సోడిస్‌కు పూర్తిగా వేరు. దీనికి అడవే అవసరం లేదు, ఇల్లు చాలు. పిల్లగా, ఎదిగేటప్పుడు, పెద్దదయ్యాక మూడు దశల్లోనూ కుక్క రక్తమే తాగుతుంది. ఒక్కో దశలో కడుపు నిండగానే కిందికి రాలి, గోడ పగుళ్లలో, గడప సందుల్లో, మంచం కోళ్ల దగ్గర దాక్కుంటుంది. గుడ్లు పెట్టాలంటే గోడ ఎక్కుతుంది. కిటికీ చెక్క పక్కన, కర్టెన్ మడతల్లో ఆముదం గింజలు పాకుతున్నట్టు కనిపించేవి ఇవే. ఒక్క ఆడ పిడుదు నాలుగు వేల దాకా గుడ్లు పెట్టగలదు. మన ఎండ దీనికి అడ్డం కాదు, అలవాటే. వేడి కాలంలో తరం తర్వాత తరం చకచకా పెరుగుతుంది.

ఈ గోమారి లైమ్‌ను మోయదు. కానీ మోసేవి తక్కువేం కావు. మొదటిది ఎర్లిషియా. ఇళ్లలో 'టిక్ ఫీవర్' అంటే ఎక్కువసార్లు ఇదే. కుక్కకు జ్వరం వస్తుంది, అన్నం గిన్నె ముట్టదు, కొన్ని రోజుల్లో రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. పొట్ట మీద వెంట్రుకలు పక్కకు తీసి చూస్తే చిన్న చిన్న కమిలిన మచ్చలు కనిపిస్తాయి. కొన్నిటికి ముక్కులోంచి రక్తం కారుతుంది. అసలు ప్రమాదం ఏమిటంటే, మొదటి జ్వరం దానంతటదే తగ్గినట్టు కనిపించి, రోగం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి లోపలే దాక్కుంటుంది. చివరికి ఎముక మూలుగను దెబ్బతీస్తుంది. జర్మన్ షెపర్డ్‌లలో ఇది మరీ తీవ్రంగా ఉంటుంది. రెండోది బబేసియా. ఎర్ర రక్తకణాలను పగలగొట్టే సూక్ష్మజీవి ఇది. చిగుళ్లు తెల్లబడతాయి, కొన్నిటికి మూత్రం కాఫీ రంగులో వస్తుంది. ఇంకోటి హెపటోజూన్. కుక్క తనకు పట్టిన పిడుదును కొరికి మింగినప్పుడు వస్తుంది.

వీటిలో దేనికీ మన దగ్గర టీకా లేదు. మన కుక్కకు రాని రోగానికి టీకా గురించి ఆలోచిస్తూ, అదే చెవిలో ఉన్న పిడుదు తెచ్చే రోగాన్ని పట్టించుకోకపోవడం కళ్లముందు జరుగుతున్న నష్టం. పైగా లైమ్ బ్యాక్టీరియా కుక్క ఒంట్లోకి చేరాలంటే పిడుదు మామూలుగా 24 నుంచి 48 గంటలు అతుక్కుని ఉండాలి. ఎర్లిషియాకు అంత సమయం అక్కర్లేదు, కొన్ని గంటలు చాలు. రోజూ సాయంత్రం పిడుదులు ఏరేస్తున్నాం కదా అన్న ధైర్యం న్యూజెర్సీలో కొంత పనికొస్తుంది గానీ హనుమకొండలో సరిపోదు.

అమెరికాలో ఉన్న పిల్లలకు కూడా ఈ లెక్క అవసరం కాబట్టి, ఆ టీకా ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చూద్దాం. మామూలు టీకా ఒంట్లో యాంటీబాడీలు తయారు చేయించి, లోపలికి వచ్చిన క్రిమిని లోపలే అడ్డుకుంటుంది. లైమ్ టీకా ముఖ్యమైన పని మాత్రం పిడుదు కడుపులో జరుగుతుంది. పిడుదు పేగులో ఉన్నంతకాలం ఈ బ్యాక్టీరియా ఓఎస్‌పీ-ఏ అనే ప్రొటీన్‌ను ఒంటి మీద చొక్కాలా వేసుకుని ఉంటుంది. టీకా వేసిన కుక్క రక్తంలో ఆ ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలు తిరుగుతుంటాయి. పిడుదు ఆ రక్తం తాగుతుంది, తాగిన రక్తమే దాని కడుపులో బ్యాక్టీరియాను చంపుతుంది. వేడి రక్తం తగిలాక బ్యాక్టీరియా ఊరుకోదు, ఓఎస్‌పీ-సీ అనే ఇంకో చొక్కా తొడుక్కుని పిడుదు లాలాజల గ్రంథుల వైపు కదులుతుంది. ఆ ఒకటి రెండు రోజుల ఆలస్యం ఇందుకే. కొన్ని కొత్త టీకాలు ఈ రెండో ప్రొటీన్ మీద కూడా గురిపెడతాయి.

ఇందులోనే టీకా బలహీనత కూడా ఉంది. పిడుదు పట్టే సమయానికి కుక్క రక్తంలో యాంటీబాడీలు దండిగా ఉండాలి, తర్వాత తయారైతే లాభం లేదు. అందుకే మొదట రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఆ తర్వాత ఏటా బూస్టర్ వేస్తారు. ఒక ఏడాది మానేస్తే రక్షణ జారిపోతుంది.

అమెరికాలో కూడా ఇది అన్ని కుక్కలకూ తప్పనిసరి టీకా కాదు. అక్కడి జంతు వైద్య మార్గదర్శకాలు దీన్ని 'నాన్-కోర్' వరసలో పెట్టాయి. అంటే ఉండే ఊరు, తిరిగే చోటు చూసి నిర్ణయించాల్సింది. జంతువుల వైద్యంలో పేరున్న నిపుణుల బృందం 2018లో లైమ్ మీద ఒక ఉమ్మడి నివేదిక ఇచ్చింది. పిడుదులను అడ్డుకోవాలన్న దాని మీద అందరూ ఒక్కమాట మీదున్నారు, టీకా మీద మాత్రం ఏకాభిప్రాయం కుదరలేదు. దానికి కారణం ఉంది. లైమ్ బ్యాక్టీరియా సోకిన కుక్కల్లో నూటికి తొంభైకి పైగా ఏ జబ్బూ లేకుండానే ఉంటాయి. మిగిలినవాటిలో జ్వరం, ఒకరోజు ఒక కాలు, ఇంకోరోజు ఇంకో కాలు కుంటడం, కీళ్ల వాపు కనిపిస్తాయి. డాక్సీసైక్లిన్ ఇస్తే చాలావరకు ఒకటి రెండు రోజుల్లోనే తేరుకుంటాయి, కోర్సు మాత్రం నెల రోజులు వాడాలి. అరుదుగా కొన్నిటికి కిడ్నీలు దెబ్బతింటాయి. ఇది ల్యాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్‌లలో ఎక్కువ, వస్తే బతకడం కష్టం. ఆ ఒక్క ప్రమాదాన్ని తప్పించడానికి టీకా వేయాలని ఒక వర్గం అంటుంది. ఆ కిడ్నీ జబ్బు రోగనిరోధక వ్యవస్థ స్పందన వల్లే వస్తుంది కాబట్టి అలాంటి కుక్కలకు టీకా విషయంలో జాగ్రత్త అవసరమని ఇంకో వర్గం అంటుంది. రెండు వాదాల్లోనూ బలం ఉంది.

న్యూజెర్సీ, కనెక్టికట్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్‌లలో ఉంటూ, కుక్కను ట్రెయిల్స్ మీద, పొదల పక్కన నడిపించే ఇంటికి టీకా వేయించడమే మేలు. దానితో పాటు పిడుదుల మాత్ర తప్పక వాడాలి. టీకా వేశాం కదా అని మాత్ర మానేస్తే అనాప్లాస్మా లాంటి మిగిలిన రోగాలకు తలుపు తెరిచినట్టే. డాలస్ దగ్గర ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉండే మన కుటుంబానికి లెక్క వేరు. టెక్సస్‌లో లైమ్ అరుదు, అక్కడ మాత్ర చాలు. ఒకే ఇంట్లోని అన్నాచెల్లెళ్లు న్యూజెర్సీలో ఒకరు, డాలస్‌లో ఒకరు ఉంటే, ఇద్దరి కుక్కలకూ ఒకే సమాధానం చెప్పలేం. అలాంటప్పుడు హనుమకొండకు ఆ సమాధానం ఎలా సరిపోతుంది?

ఊరు దాటని వరంగల్ కుక్కకు ఆ కిట్‌లో లైమ్ గీత పాజిటివ్ వస్తే ఏం చేయాలి? ముందుగా దాన్ని అనుమానించాలి. ఏ పరీక్షా వందకు వంద సరిగ్గా చెప్పదు. రోగం విరివిగా ఉన్న చోట వంద పాజిటివ్‌లలో ఎక్కువ నిజమైనవే ఉంటాయి. రోగమే లేని చోట అదే కిట్ చూపించే పాజిటివ్‌లలో ఎక్కువ తప్పుడువే ఉంటాయి. కిట్ చెడిపోయిందని కాదు, లెక్క అలాంటిది. అదీగాక పాజిటివ్ అంటే ఆ బ్యాక్టీరియా ఎప్పుడో ఒకసారి తగిలిందని మాత్రమే అర్థం, ఇప్పుడు రోగం ఉందని కాదు. డాక్టర్ ఆ గీతతో పాటు ప్లేట్‌లెట్లు, బ్లడ్ స్మియర్ (గాజు పలక మీద పూసి మైక్రోస్కోప్‌లో చూసే రక్తం), మూత్రంలో ప్రొటీన్ చూస్తారు. ఆ కుక్క జ్వరానికి కారణం పక్కన ఉన్న ఎర్లిషియా గడిలో దొరికే అవకాశమే ఎక్కువ.

లైమ్ టీకా అక్కర్లేదంటే టీకాల మీద శ్రద్ధ తగ్గించుకోమని కాదు. మన దగ్గర ప్రాణాలు తీసేవి వేరే ఉన్నాయి. ప్రపంచంలో రేబీస్ వల్ల పోయే ప్రాణాల్లో 36 శాతం మన దేశంలోనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా వేయించాలి, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం బూస్టర్లు. ఏటా జులై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల దినం) సందర్భంగా పశువుల దవాఖానల్లో ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజు లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన పిల్లవాడికి మొదటిసారి టీకా ఇచ్చాడు. పార్వో అనే వైరస్ రోగం ఇంకా తొందరగా చంపుతుంది. వాంతులు, రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లో కుక్కపిల్ల చేతుల్లోనే పోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అని పిలిచే కలగలుపు టీకాలు వేసేది దీనికీ డిస్టెంపర్‌కూ కలిపి.

ఆ కలగలుపు టీకాలో ఉండే లెప్టో గురించి వరంగల్‌లో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. లెప్టోస్పైరా కూడా లైమ్ బ్యాక్టీరియాలాగే స్క్రూలా మెలికలు తిరిగినదే, అదే కుటుంబానికి దూరపు చుట్టం. ఇది పిడుదుల వల్ల రాదు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల వస్తుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. హనుమకొండ, వరంగల్ కాలనీలు నీట మునిగాయి. మురికి కాలువలూ ఎలుక బొరియలూ ఏకమైన ఆ నీళ్లలో కుక్కలు ఈదుతూ తిరిగాయి. లెప్టో కాలేయాన్ని, కిడ్నీలను దెబ్బతీస్తుంది, మనుషులకూ సోకుతుంది. దీని రక్షణ ఏడాదికి మించి నిలవదు. చిన్నప్పుడు వేయించాం కదా అని చాలామంది వదిలేసే బూస్టర్ ఇదే. అమెరికాలో లైమ్ టీకా గురించి పడే ఆరాటం మన దగ్గర ఏటా వానలకు ముందు లెప్టో బూస్టర్ మీద పడితే ఎంతో మేలు.

ఇక మిగిలింది గోమారి. ఆముదం గింజలా ఉబ్బిన ఒక్క పిడుదును చూసి పీకేస్తే పని అయిపోదు. కుక్క మీద కనిపించేవి కొన్నే, చాలామటుకు ఇంట్లోనే దాక్కుని ఉంటాయి. పిడుదులను చంపడానికి నోటితో ఇచ్చే మాత్రలు ఉన్నాయి, అఫోక్సోలేనర్ నెలకోసారి, ఫ్లురలేనర్ మూడు నెలలకోసారి. ఏది వాడినా బరువును బట్టి డాక్టర్ రాసినదే వాడాలి. ఫిట్స్ వచ్చే కుక్క అయితే ఆ సంగతి ముందే చెప్పాలి. మందు వేసిన కుక్క రక్తం తాగిన పిడుదులు చస్తాయి కాబట్టి, ఆ కుక్కే ఇంట్లోని పిడుదులకు వలలా పనిచేస్తుంది. ఒక్క మాత్రతో ఆపేస్తే గోడల్లో ఉన్న గుడ్లు పొదిగి మళ్లీ మొదలవుతుంది, వరసగా కొన్ని నెలలు వాడాల్సిందే. కుక్క పడుకునే చోట గోడ పగుళ్లను సిమెంటుతో పూడ్చాలి. పరిచిన గోనె సంచిని వారానికోసారి వేడినీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేయాలి.

పిడుదు పీకేటప్పుడు ట్వీజర్‌ను చర్మానికి ఆనించి, దాని ముక్కు దగ్గర పట్టుకుని, తిప్పకుండా నిదానంగా నేరుగా లాగాలి. గోళ్లతో నలిపితే దాని రక్తం చేతికి అంటుతుంది. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం కుక్కకే హాని. అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు ఒకటి పత్తి పండించే మన పల్లెల్లో ఉంది. చేనుకు కొట్టగా మిగిలిన పురుగుమందును నీళ్లలో కలిపి కుక్క ఒంటికి పూస్తారు. కుక్క తన ఒళ్లు తానే నాకుతుంది. చొంగ కారడం, వణుకు, ఊపిరాడకపోవడం గంటల్లోనే మొదలవుతాయి. డబ్బు లేక కాదు, ఏం చేయాలో ఎవరూ చెప్పక జరిగే చావులు ఇవి. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, మండలాల్లో పశువుల దవాఖానలు ఉన్నాయి. పురుగుమందు డబ్బా తీసే ముందు అక్కడ ఒక్కమాట అడిగితే ఆ కుక్క బతుకుతుంది.

హనుమకొండ కుక్కను అమెరికాకు తీసుకెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. వాటికి మాత్రం లైమ్ ప్రశ్న నిజంగానే ఎదురవుతుంది. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా నిబంధనలు మారాయి. రేబీస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మనది ఉంది కాబట్టి కుక్కకు ఆరు నెలల వయసు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, ఆ చిప్ వేశాకే రేబీస్ టీకా వేసి ఉండాలి. చాలామంది టీకా ముందు వేయించి తర్వాత చిప్ వేయించి చిక్కుల్లో పడేది ఇక్కడే. న్యూజెర్సీ చేరాక అక్కడి డాక్టర్‌తో మాట్లాడి లైమ్ రెండు డోసులు మొదలుపెట్టొచ్చు. అవి పూర్తయి పనిచేయడం మొదలయ్యేదాకా వారాలు పడుతుంది, ఆలోపు పిడుదుల మాత్ర ఆగకూడదు.

అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేసే కుక్కకు లైమ్ బూస్టర్ కోసం వెతకనక్కర్లేదు. కానీ లైమ్ లక్షణాలు పిడుదు కరిచిన రెండు నుంచి ఐదు నెలలకు బయటపడతాయి. కాబట్టి వచ్చిన కొన్నాళ్లకు ఆ కుక్క కుంటితే, ఇక్కడి డాక్టర్ కీలు బెణికిందనో టిక్ ఫీవర్ అనో అనుకునే అవకాశం ఉంది. దవాఖాన చీటీ మీద వయసు, బరువు పక్కనే "మొన్నటిదాకా న్యూజెర్సీలో ఉంది" అని రాయించాలి.